గులాబి రంగు పౌడరు డబ్బా, మా మామ

మొన్న మంగళవారం మధ్యాహ్నం మా మామ పోయాడు. మేనమామ, అమ్మకు తమ్ముడు. ఫోన్ వచ్చేసరికి నేను ఆఫీసులో ఉన్నాను. నేను మాటలు రాసే టీవీ సీరియల్‌లో దొంగ ఈ వారం ఎవరి గొడుగు వాపసు ఇవ్వాలన్న విషయం మీద డైరెక్టరుతో వాదన నడుస్తోంది. “మామ పోయిండు బిడ్డా,” అంది అమ్మ. కాసేపాగి, “అన్నం తిన్నడు, చాప మీద ఒరిగిండు, గంతే. సుకంగ పోయిండు,” అంది. గొంతులో ఏడుపు ఉంది కానీ కంగారు లేదు. గొడుగు సంగతి అక్కడే వదిలేసి నాంపల్లి బయలుదేరాను.

నిజం చెబుతాను. దారిలో నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు. హమ్మయ్య అనిపించింది. మేనమామ పోతే హమ్మయ్య అనుకునే మనిషేమిటి వీడు అని మీకు అనిపించవచ్చు. మనిషి పోయినందుకు కాదు, పోవలసిన తీరుగా పోయినందుకు. ఇదే కబురు రెండేళ్ల కింద వచ్చి ఉంటే, మనసులో ముల్లు ఉండగానే పోయాడే అని నేనూ అమ్మా బతికినన్నాళ్లు కుమిలిపోయేవాళ్లం. ఆ ముల్లు ఏమిటో, ఎలా ఊడిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆబిడ్స్‌లో పెద్ద రోడ్డు మీంచి సందులోకి తిరిగితే ఒక పాత బిల్డింగు మెట్ల కింద మామ దుకాణం ఉండేది. బ్యాగుల రిపేరు. జిప్పులు, చక్రాలు, హ్యాండిళ్లు. నిలబడితే మెట్లు నెత్తికి తగిలేవి కాబట్టి పొద్దంతా కూర్చునే పని చేసేవాడు. దుకాణంలో ఒక నియమం ఉండేది. ఎవరైనా సూట్‌కేసు తెస్తే దాన్ని వాళ్లే తెరిచి, వాళ్లే ఖాళీ చేసి ఇవ్వాలి. లోపల ఒక్క దువ్వెన మిగిలి ఉన్నా చేత్తో ముట్టేవాడు కాదు. తొందరలో ఉన్నవాళ్లు విసుక్కునేవాళ్లు, కొందరు తిట్టుకుంటూ వేరే దుకాణానికి పోయేవాళ్లు. ఎందుకయ్యా ఇంత పట్టింపు అంటే, “సంచి బరువు చేతికి తెలుస్తది. లోపల ఏమున్నదో ఇంటికి పోయినంకనే తెలుస్తది,” అనేవాడు. మా వీధిలో అది మామ మాటగా చలామణి అయ్యింది. దాని అర్థం తెలిసింది మాత్రం అమ్మ ఒక్కదానికే.

మా మామ వయసులో ఉన్నప్పుడు దొంగ. ఈ మాట రాయడానికి నాకిప్పుడు సిగ్గు లేదు, తర్వాత ఆయనే టీవీలో చెప్పేశాడు. పెద్ద దొంగ కూడా కాదు. జేబులు కొట్టడం రాదు, తాళాలు తీయడం రాదు. నాంపల్లి స్టేషన్‌లో చుట్టాల కోసం వచ్చినట్టు ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడడం, పెళ్లిగుంపులు దిగి సామాను లెక్క చూసుకునే గోలలో ఒక సంచి తనదే అన్నట్టు ఎత్తుకుని నింపాదిగా నడిచిపోవడం, ఆయనకు వచ్చిన విద్య అదొక్కటే. సంచి ఎత్తుకుని పరుగెత్తాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదని తర్వాత నాతో గొప్పగా చెప్పాడు. ఇంట్లో మాత్రం పార్సిల్ ఆఫీసులో పని అని చెప్పుకున్నాడు. అమ్మ నమ్మింది. తల్లిదండ్రులు పోయాక పెంచుకొచ్చిన తమ్ముడు, నమ్మకేం చేస్తుంది.

నేను పెద్దవాణ్నయ్యే నాటికి అదంతా అయిపోయిన కథ. నాకు తెలిసిన మామ వేరు. ఒకసారి వికారాబాద్‌లో చుట్టాల ఇంట్లో బారసాలకు అందరం రైల్లో బయలుదేరాం. ప్లాట్‌ఫారం మీద ఎవరో ముసలాయన వచ్చి, నీళ్లు తెచ్చుకుంటాను, జర సామాను చూస్తవా తమ్మీ అని మామను అడిగాడు. మామ ముఖం చూడాలి అప్పుడు. ఆ రేకు పెట్టె మీద చెయ్యి వేసి, బెంచీ ఖాళీగా ఉన్నా కూర్చోకుండా నిటారుగా నిలబడ్డాడు. మా రైలు వచ్చింది. అమ్మ కిటికీలోంచి పిలిచింది, తిట్టింది, చివరికి బతిమాలింది. ముసలాయన జాడ లేదు. రైలు కదిలింది, మామ కదల్లేదు. ముసలాయనకు పెట్టె అప్పజెప్పి, బస్సులో వచ్చి సాయంత్రానికి మమ్మల్ని కలిశాడు. బారసాల అయిపోయింది, లడ్లు అయిపోయాయి, ఆయన మాత్రం ఏదో బహుమతి గెలిచినవాడిలా ఉన్నాడు. నన్ను చూసి అడిగిండురా, గంత మందిల నన్నే అడిగిండు అని ఆ రోజంతా అదే మాట.

ఇంకో అలవాటు ఉండేది. పెళ్లిళ్లలో పుస్తెలను పళ్లెంలో కొబ్బరికాయ మీద పెట్టి పెద్దలందరి చేతా తాకించుకు వస్తారు కదా. ఆ పళ్లెం దగ్గరికి రాగానే మామ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని తల వంచి దండం పెట్టేవాడు. నా పెళ్లిలోనూ అంతే. మేనమామవు, నువ్వు తాకకపోతే ఎట్లా అని పంతులు గట్టిగా అడిగితే, అమ్మ కల్పించుకుని వాడికి మొక్కు ఉంది లెండి అని పళ్లెం ముందుకు పంపేసింది. ఏ దేవుడికి ఇలాంటి మొక్కు ఉంటుందో నాకు అర్థం కాలేదు. మామ తాను పెళ్లి చేసుకోలేదు. అడిగితే నవ్వి, మెట్ల కింద ఒక్కనికే జాగ ఉన్నది అల్లుడా అనేవాడు.

నేను చదివింది ఒకటి, చేరింది ఇంకొకటి. టీవీ కామెడీలకు మాటలు రాసే పనిలో పడ్డాను. నాలుగేళ్ల కింద ఒక ఛానెల్ కోసం ‘వాపస్ యాదగిరి’ మొదలుపెట్టాం. చేతివాటం ఉన్న ఒక చిల్లరదొంగ, యాదగిరి, ఒకరోజు బుద్ధి తెచ్చుకుని తాను కొట్టేసినవన్నీ ఎవరివి వాళ్లకు ఇచ్చేద్దామని బయలుదేరతాడు. ఇవ్వబోయిన ప్రతిచోటా తన్నులు తింటాడు. చెప్పుల జత వాపసు ఇవ్వబోతే అవి ఇప్పుడు బిగుతయ్యాయి, కొత్తవి కొనిపెట్టు అంటారు. సైకిల్ తెచ్చిస్తే బెల్లు ఏదీ అంటారు. ప్రతి ఎపిసోడ్ చివర యాదగిరి కెమెరా వైపు తిరిగి చేతులు జోడించి, “మాఫ్ జెయ్యున్రి సాబ్,” అంటాడు. జనానికి అది బాగా పట్టింది. మొజంజాహీ మార్కెట్‌లో పండ్లబండ్ల వాళ్లు కూడా తూకం తక్కువైందని పట్టుబడితే ఆ మాటే అనేవాళ్లు.

మామకు సీరియల్ అంటే ప్రాణం. సాయంత్రం అమ్మ హాల్లో ప్లాస్టిక్ కుర్చీ టీవీకి మరీ దగ్గరగా లాక్కుని చూసేవాడు. తన్నులు తినే చోట నవ్వేవాడు. ఆఖరున యాదగిరి చేతులు జోడించే చోట మాత్రం నవ్వు ఆపేసి లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేవాడు. నేను అది గమనించాను కానీ పట్టించుకోలేదు. ఒక ఆదివారం నన్ను మొజంజాహీ మార్కెట్‌కు తీసుకుపోయి సీతాఫల్ ఐస్‌క్రీమ్ ఇప్పించాడు. తాను తినలేదు, కప్పు పట్టుకుని అది కరిగేదాకా కూర్చున్నాడు. అప్పుడు మొదలుపెట్టాడు, మీ యాదగిరికి ఒక సంగతి చెప్తా, రాస్తవా అని. పార్సిల్ ఆఫీసు అబద్ధమనీ, మా ఇంట్లో ఒక నిజమైన యాదగిరి ఉన్నాడనీ నాకు ఆ బెంచీ మీదే తెలిసింది.

అప్పటికి నేను ఇంకా బడికి పోని పిల్లవాణ్ని. ఒక సాయంత్రం తాండూరు రైలు దిగిన పెళ్లివారి గుంపులోంచి మామ ఒక రెక్సిన్ సంచి ఎత్తుకొచ్చాడు. తీరా చూస్తే అందులో రెండు జాకెట్ గుడ్డలు, గరిజెలు అనే కజ్జికాయలు, ఒక గులాబి రంగు పౌడరు డబ్బా. గరిజెలు దారిలో తినేశాడు. పౌడరు డబ్బా అక్కకు పనికొస్తుందని ఇంటికి తెచ్చి ఇచ్చాడు. అమ్మ అరచేతిలో డబ్బా వంచి తట్టింది. పౌడరు రాలేదు, పసుపు బియ్యం రాలింది. వాటితోపాటు రెండు పుస్తెలు, జత మెట్టెలు పడ్డాయి. దొంగలు చూడని చోటు అనుకుని ఎవరో తెలివిగా పౌడరు డబ్బాలో దాచి తెచ్చుకున్నారు. మా వైపు పుస్తెమెట్టెలు పిల్లగాని వాళ్లే తేవాలి కదా. అమ్మకు ఒక్క నిమిషంలో అంతా అర్థమైంది, పార్సిల్ ఆఫీసుతో సహా. కొట్టింది. తర్వాత ఏడ్చింది. తెల్లారగానే పో, ఏ పెండ్లి ఆగిందో కనుక్కొని చేతిలో పెట్టి రా, ఇచ్చినంకనే నాకు ముఖం చూపెట్టు అని బయటికి తోసింది.

మామ పొద్దున్నే నాంపల్లి చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లన్నీ తిరిగాడు. ఎక్కడ చూసినా బాజాలు, ఎక్కడ చూసినా పుస్తెలు పడ్డ ఆడపిల్లలు. ఎండెక్కాక ఒక హాలు బయట చాయ్ బండి దగ్గర టెంటు వాళ్ల మాటలు చెవిన పడ్డాయి. పిల్లగాని వాళ్ల పుస్తెల సంచి స్టేషన్‌ల పోయిందంట అనుకుంటున్నారు. డబ్బా అంగీ లోపల దోపుకుని గేటు దాకా వెళ్లాడు. లోపల పందిరి గుడ్డలు విప్పుతున్నారు. బాజాలు లేవు. ఆడవాళ్లంతా పిల్ల చుట్టూ చేరి గొల్లున ఏడుస్తున్నారు. పిల్ల తండ్రి స్తంభానికి ఆనుకుని తువ్వాలతో కళ్లు తుడుచుకుంటున్నాడు. పిల్ల మెడకేసి చూశాడు మామ. పూలదండ ఉంది, బంగారం లేదు. ఎవరు నువ్వు అని గేటు దగ్గర ఒకాయన అడిగేసరికి కాళ్లు వాటంతట అవే వెనక్కి తిరిగాయి. ఆయన జీవితంలో పరుగెత్తింది ఆ ఒక్కరోజే. మళ్లీ ధైర్యం చేసి వెళ్లేసరికి హాలుకు తాళం, పెళ్లివారు ఎవరి ఊళ్లకు వాళ్లు పోయారు.

పుస్తెలు లేక పీటల మీది పెళ్లి ఆగిపోయింది, ఆ పిల్ల బతుకు నా చేతులతోనే చెడింది అని మామ నమ్మాడు. డబ్బాతోనే తిరిగొచ్చి చెబితే అమ్మా నమ్మింది. రైలెక్కి తాండూరు వెళ్లి వాకబు చేసే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. పోలీసుల దగ్గరికి పోతే పాతవన్నీ బయటపడతాయి. మామ దొంగతనం మానేసి, ఒక ముసలాయన దగ్గర జిప్పులు కుట్టడం నేర్చుకున్నాడు. అమ్మ డబ్బాను దేవుని గూట్లో పెట్టింది. మా ఇంట్లో దేవుళ్ల పక్కన పౌడరు డబ్బా ఎందుకుందో నేను చిన్నప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాను. అమ్మ ఏ సంబంధం తెచ్చినా మామ వద్దనేవాడట. ఒకల పెండ్లి చెడగొట్టినోనికి పెండ్లేందక్కా అన్నాడట. అది విన్నప్పుడు నా నోట్లో ఐస్‌క్రీమ్ చప్పబడిపోయింది.

మామ అడిగింది ఒక్కటే. ఈ కథ యాదగిరిలో రావాలి. ఆ పిల్ల ఎక్కడున్నా టీవీ చూడకపోతుందా, చూస్తే రాకపోతుందా. వచ్చి చెప్పు తీసుకుని కొట్టినా సరే, ఆమెకు ఏమైందో తెలియాలి, ఆమె వస్తువు ఆమె చేతిలో పెట్టాలి. నేను రాశాను. డైరెక్టరుకు కథ నచ్చింది కానీ ముగింపు నచ్చలేదు. కామెడీ సీరియల్‌లో పెళ్లి ఆగిపోతే ఎవరు చూస్తారు, యాదగిరి ఆఖరు నిమిషంలో పుస్తెలతో లోపలికి దూకాలి, బాజాలు మోగాలి అన్నాడు. మామ ఒప్పుకోలేదు. “దూకలే సార్ నేను. గేటు కాడికెళ్లి ఉరికిన,” అన్నాడు. డైరెక్టరు స్క్రిప్టు మూసి ఆయన వైపు కుర్చీ తిప్పాడు. చివరికి బేరం కుదిరింది. యాదగిరి గేటు దాకా వెళ్లి పారిపోతాడు. ఆఖరున చేతులు జోడించే మాట మాత్రం యాదగిరి చెప్పడు, యాదగిరి గురువు అనే పాత్రలో మా మామ చెబుతాడు.

ఇంట్లో పెద్ద గొడవే అయ్యింది. నా తమ్ముడు దొంగ అని ఊరంతా తెల్వాల్నా అని అమ్మ రెండు పూటలు అన్నం ముట్టలేదు. మామ దేవుని గూటి ముందు కూర్చుని డబ్బా మీది దుమ్ము తుడుస్తున్నాడు. అమ్మ చూసి చూసి, లోపలికి పోయి ఇస్త్రీ పెట్టె తెచ్చింది. పోయేది పోతవు, నలిగిన అంగీల కనబడకు అంది.

షూటింగు రోజున మామ తడబడతాడేమోనని నేను భయపడ్డాను. ఒక్క టేకులో చెప్పేశాడు. నేను రాసిచ్చిన డైలాగు చెప్పలేదు. “గా సంచి నా కాడ్నే ఉన్నదమ్మా. ఆబిడ్స్‌ల మెట్ల కింద బ్యాగుల దుకాణం. వచ్చి తీస్కపో,” అని మాత్రం అని చేతులు జోడించాడు. మరునాడు జనం ఎంత సహజంగా నటించాడీ కొత్తాయన అని మెచ్చుకున్నారు. సుల్తాన్ బజార్‌లో ఒక బట్టల కొట్టాయన సెల్ఫీ దిగి, పక్కనే ఉన్న తన బ్యాగు చూపించి జర దీన్నొదిలెయ్యి గురూ అని జోక్ చేశాడు. మామ నవ్వాడు. జోక్ అని తెలిసినా బ్యాగుకు దూరంగా జరిగాడు.

మామ ఎంత చిన్న దొంగైనా తెలివి తక్కువ మనిషి కాదు. ఎపిసోడ్‌లో పుస్తెలను స్టీలు డబ్బాలో చూపించమన్నాడు. అసలు డబ్బా సంగతి పోగొట్టుకున్నవాళ్లకే తెలియాలని. అనుకున్నట్టే బంగారం అనగానే దుకాణానికి మనుషులు రావడం మొదలైంది. మా పుస్తెలే, స్టీలు డబ్బాలో పెట్టాం అని కొందరు, చీర కొంగులో ముడి వేశాం అని ఒకామె. ఒకాయన అయితే బ్రహ్మచారినని తానే చెప్పుకుని మరీ అడిగాడు. అందరికీ చాయ్ తాగించి పంపేవాడు మామ. పోను పోను వచ్చేవాళ్లు తగ్గిపోయారు. వానాకాలం అయిపోయింది. ఆమె టీవీ చూడదేమో అల్లుడా అన్నాడొకసారి. ఆ తర్వాత, అసలు ఉన్నదో లేదో అన్నాడు. ఆ రోజుల్లోనే మామకు గుండె జబ్బు అని దవాఖానలో చెప్పారు. మా భయమంతా అప్పుడు ఒక్కటే, ఈ మనిషి ఏమీ తెలియకుండానే పోతాడేమోనని.

ఒక మధ్యాహ్నం ఒకామె చక్రం ఊడిన సూట్‌కేసు తెచ్చింది. నెరిసిన జుట్టు, బొద్దుగా ఉంది. మామ మామూలుగానే ఖాళీ చేసి ఇయ్యమన్నాడు. ఆమె స్టూలు మీద కూర్చుని, సూట్‌కేసు తెరవకుండా ఆయన ముఖమే చూస్తూ అడిగింది.

“పౌడరు మంచిగుండెనా అన్నా? రాసుకున్నవా?”

మామ చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పడింది. ఆయన నాకు చేసిన ఫోన్‌లో ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఏదో అయ్యిందని ఉరుకులు పరుగుల మీద వెళ్లాను. ఇద్దరినీ ఆటోలో నాంపల్లి తీసుకొచ్చాను. అమ్మ ఆమెను కూర్చోబెట్టి, దేవుని గూట్లోంచి డబ్బా తెచ్చి రెండు చేతులతో ఇచ్చింది. ఆమె మూత తీసి లోపలికి చూసి మళ్లీ మూత పెట్టింది. మామ గుమ్మం దగ్గరే నేల మీద కూర్చున్నాడు. తల ఎత్తలేదు.

“నీ పెండ్లి చెడగొట్టిన చెల్లే,” అన్నాడు. “మాఫ్ జెయ్యి అననీకి గూడ నాకు ముఖం లేదు.”

“నా పెండ్లేడ చెడ్డది?” అంది ఆమె. “పసుపు కొమ్ము కట్టిన్రు గద. మా అమ్మమ్మ దారానికి కొమ్ము ముడేసి ఇచ్చింది, మా ఆయన కట్టిండు. ముహూర్తం గూడ దాటలే.”

మామ తల ఎత్తాడు. గేటు దగ్గర తాను చూసింది చెప్పాడు, మాటలు కూడదీసుకుంటూ. పందిరి విప్పుతున్నారు, బాజాలు లేవు, నీ మెడల బంగారం లేదు, అందరు ఏడుస్తున్నరు అన్నాడు. ఆమె మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పసుపు కొమ్ము దండ కింద ఉంటే నీకేం కనబడుతది అంది. “గవి అప్పగింతలు అన్నా. అప్పగింతలల్ల ఏడ్వక నవ్వుతరా ఎవలన్న?”

మా మామ వందల పెళ్లిగుంపులను చూసినవాడు, కానీ అన్నీ స్టేషన్‌లోనే చూశాడు. అప్పగింతలు తెలియక కాదు. తాను తప్పు చేసి వచ్చిన కళ్లకు ఆ ఏడుపులో తన తప్పు ఒక్కటే కనబడింది. అమ్మే ముందు తేరుకుంది. “ఇన్నేండ్లు అప్పగింతలకు ఏడ్చినవారా నువ్వు,” అంది. అని ఫక్కున నవ్వింది. ఆమె నవ్వింది, నేను నవ్వాను. మామ కూడా నవ్వబోయి మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాడు. ఎవరమూ ఊరుకోమనలేదు. పోయిన ప్రాణం లేచి రావడం అంటారే, అది నేను ఆ గుమ్మం దగ్గర చూశాను.

అంతటితో అయిపోతే అది మా డైరెక్టరు మెచ్చే ముగింపు. ఆమె చాయ్ తాగి, మిగిలింది చెప్పింది. సంచి పట్టుకొచ్చింది ఆమె అత్త. డబ్బా ఉపాయమూ ఆవిడదే. పెళ్లి జరిగింది కానీ, పుస్తెలు పోగొట్టిన మనిషి అని చుట్టాలంతా ఆవిడను దెప్పారు. అపశకునం అన్నారు. ఆవిడ మళ్లీ రైలెక్కలేదు, ఏ శుభకార్యంలోనూ ముందుకు వచ్చి నిలబడలేదు. కొన్నేళ్ల కింద పోయింది. ఎపిసోడ్ చూసిన రోజు నుంచి రావాలనే ఉంది అన్నా, మా ఆయన ఒప్పుకోలే, ఇయ్యాల గూడ మన ఎనక వేరే ఆటోల వచ్చి కిందనే కూసున్నడు, పైకి రాలే అంది. మామ గబుక్కున లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. సందులో ఒక ఆటో, అందులో తలకు పైకప్పు తగులుతున్న ఒక పొడుగాటి మనిషి ముందుకు చూస్తూ కూర్చుని ఉన్నాడు. మామ చేతులు జోడించాడు. ఆయన పైకి చూడలేదు.

తర్వాత మామ ఒక్కడే తాండూరు వెళ్లి వచ్చాడు. ఆ అత్తగారి ఫొటో ముందు నిలబడి చెప్పుకోవలసింది చెప్పుకున్నాడట. మామ అక్కడున్నంతసేపూ పొడుగాటాయన ఇంటి బయటే ఉన్నాడట. ఏం మనిషయ్యా అని నేను విసుక్కుంటే మామ నా మీద కోప్పడ్డాడు. “తల్లి కోసం కోపం చెయ్యకపోతే గాయన కొడుకెట్లయితడు? ఉండనియ్యి,” అన్నాడు. ఆ కోపం తనకు రావలసినదే అన్నట్టు ఒప్పుకున్నాడు. కానీ పండగకు పబ్బానికి ఆమె ఫోన్ చేస్తే, మాటల చివర ఆయన మంచిగున్నడా అని అడగడం మానలేదు.

ఆ రెండేళ్లూ మామ హాయిగా బతికాడు. పక్కింటి అమ్మాయి పెళ్లిలో పళ్లెం వచ్చినప్పుడు అరచేయి తువ్వాలకు తుడుచుకుని పుస్తెలు తాకాడు. ఆ పూట అమ్మ రెండుసార్లు పాయసం వడ్డించుకుంది. సూట్‌కేసులను ఖాళీ చేసి ఇమ్మనే నియమం మాత్రం మార్చలేదు. ఒకసారి అలవాటైంది అల్లుడా, ఉండనీ అన్నాడు. గుండె మందులు మర్చిపోయి పడుకునేంత నిశ్చింత వచ్చింది ఆయనకు. మేం తిడితే నవ్వేవాడు.

బుధవారం పొద్దున పాడె కట్టారు. మామ పెదనాన్న మనవడు కుండ పట్టాడు. అమ్మ తాండూరుకు ఫోన్ చేయించింది కాబట్టి ఆమె వస్తుందని తెలుసు. మేం ఎత్తే వేళకు వచ్చి అమ్మను పట్టుకుని ఏడ్చింది. నేను పాడె వెనక కొమ్ము పట్టాను. సందు దాటి నాలుగు దారుల దగ్గర దింపుడు కళ్లానికి దించాం. వంగి మామ చెవిలో మూడుసార్లు పిలిచాను. లేచి నిలబడేసరికి ఎదురుగా ఆ పొడుగాటి మనిషి ఉన్నాడు. అంతదూరం మా వెనకే నడిచి వచ్చాడు కాబోలు. “జర జరుగు తమ్మీ,” అన్నాడు. నేను జరిగాను. ఆయన రోడ్డు మీదే మోకాళ్ల మీద కూర్చుని మామ చెవి దగ్గర ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో నాకు వినబడలేదు, తర్వాత నేను అడగలేదు.

మళ్లీ ఎత్తేటప్పుడు ఆయన తువ్వాల మడిచి భుజాన వేసుకుని ముందు కొమ్ముకు వచ్చాడు. మేమంతా మామూలు ఎత్తు మనుషులం, ఆయన ఒక్కడూ తాడిచెట్టు. లేచి నిలబడగానే పాడె ఆయన వైపు ఎత్తుగా లేచింది, మామ ఒక పక్కకు ఒరిగాడు. ఆయన అది చూసి మోకాళ్లు వంచాడు. పాడె సమంగా వచ్చింది. ట్రాఫిక్ కానిస్టేబుల్ బండ్లు ఆపాడు, మేం రోడ్డు దాటాం. ఎండ ఎక్కుతోంది. శ్మశానం గేటు దాకా, మా మామ ఒరగకుండా, ఆ పొడుగాటాయన మోకాళ్లు వంచుకునే నడిచాడు.